గొట్టం కింద కిరీటం

“అది ఆయన చేతిలోనే చీలిపోతే?”

మా ఆయన రెనో గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే నాకు జవాబిచ్చాడు. “చీలదు సోలాంజ్. నేను పుట్టినప్పుడు మా తాత పేల్చాడు. మా నాన్న పుట్టినప్పుడు ముత్తాత పేల్చాడు. ఎవరికీ గోరు కూడా ఊడలేదు.”

“వాళ్లు ఆ తుపాకీలో ఏ మందు వేసి పేల్చారు?”

“నన్నడుగుతావేంటి? నేనప్పుడు పొత్తిళ్లలో ఉన్నాను.”

మా అత్తవారింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఇంటి మొదటి బిడ్డకు చర్చిలో బాప్తిస్మం అయ్యాక, ఇంటికి తీసుకురాగానే తల్లిని బిడ్డతో గుమ్మంలో నిలబెడతారు. ఇంటి పెద్ద ఆ పక్కనే నిలబడి పాత జోడు గొట్టాల తుపాకీతో ఆకాశంలోకి రెండుసార్లు పేలుస్తాడు. బిడ్డను ఎత్తుకున్న తల్లి ఆయనకు ఎడమవైపు, చేయి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. బిడ్డకు ఇంటి గొంతు వినిపించడం అంటారు దీన్ని. ఆ బిడ్డ మా క్లోతిల్డ్. వయసు పదకొండు వారాలు. తల్లిని నేను.

నేను వెర్వియేలో నీళ్లు పరీక్షించే లాబొరేటరీలో పనిచేస్తాను. చదివింది రసాయనశాస్త్రం. పాప పుట్టినప్పటి నుంచి నాకు గ్యాసు పొయ్యి అంటే భయం, పిల్లి అంటే భయం, పాప దగ్గితే భయం, దగ్గకపోతే ఇంకా భయం. కానీ ఈ తుపాకీ సంగతి అలాంటిది కాదు. వందేళ్లనాటి గొట్టం, దుకాణంలో నిన్న కొన్న తూటాలు. పాతకాలపు మందు మెల్లగా అంటుకుని తోస్తుంది. ఇప్పటి పొగరాని మందు ఒక్కసారిగా గుద్దుతుంది. ఈ తేడా చెప్పబోతే రెనో వాళ్ల నాన్న ఆన్సెల్మ్ మావయ్య చెయ్యి ఎత్తి ఆపేశారు.

“నువ్వు నీళ్లు పరీక్షించుకో తల్లీ. ఇది లండన్ తుపాకీ.”

ఆన్సెల్మ్ మావయ్య ముప్పై ఏళ్లు బీమా ఆఫీసులో ఇతరుల ప్రమాదాలకు వెల కట్టి రిటైరైన మనిషి. సొంత ప్రమాదాల మీద మాత్రం ఆయనకు నమ్మకం లేదు. ఆ తుపాకీ హాల్లో పొయ్యి పైన వేలాడుతూ ఉండేది. రెండు గొట్టాల మధ్య పట్టీ మీద బంగారు అక్షరాలతో ఒక లండన్ దొర పేరు. ఎప్పుడో గొట్టాల కింది చెక్క ఊడదీసి నూనె రాస్తుంటే ఆయనకు అక్కడ ఆవగింజంత కిరీటం ఒకటి కనిపించిందట. అంతే, ఆ తుపాకీ ఆ రోజు నుంచి రాజుగారి బహుమతి అయిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు కిరీటం వచ్చేది. పాలవాడికి కూడా భూతద్దం ఇచ్చి చూపించారు. పాలవాడు మర్యాదస్తుడు, “అబ్బో” అన్నాడు.

నేను పుట్టింది వెస్ద్ర్ నది ఒడ్డున నెసోన్వోలో. మా ఊళ్లో ఎవరికైనా పాత తుపాకీ మీద అనుమానం వస్తే నోయెలి మామ్మ దగ్గరికే వెళ్తారు. బాప్తిస్మానికి ఇంకా తొమ్మిది రోజులుందనగా నేనూ వెళ్లాను. మావయ్య చేపలకని వెళ్లిన పూట తుపాకీ దించి, గొట్టాలు మాత్రం విడదీసి, పాప తోపుడు బండిలో దుప్పటి కింద పెట్టాను. పాపను చంకన వేసుకుని, పాప లేని బండిని జాగ్రత్తగా తోసుకుంటూ రైలెక్కాను. పెట్టెలో ఒకావిడ బండిలోకి వంగి, “బంగారుతల్లి పడుకుందా?” అంది. చంకలో ఉన్న బంగారుతల్లి అప్పుడే కెవ్వుమంది. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

నోయెలి మామ్మకు అప్పటికి ఎనభై నిండాయి. రైలు వంతెన పక్కన రెండు గదుల ఇల్లు. రెండు కళ్లలోనూ పొర. మనిషి ముఖం సరిగా ఆనదు గానీ దానివల్ల తను కోల్పోయిందేమీ లేదనేది. గొట్టాల కింద కొట్టిన ముద్రలు చదవడానికి ఆమెకు కుడి బొటనవేలి గోరు చాలు. ఆ ఒక్క గోరూ కాస్త పొడుగ్గా పెంచి, నున్నగా అరగదీసి ఉంచుకునేది. ఆమె పనికి రుసుము ఒక బియ్యపు టార్టు, పాలూ గుడ్లూ బియ్యమూ కలిపి కాల్చే తీపి వంటకం. అదీ వెర్వియేలో చేసిందే, ఆ రోజు చేసిందే.

“గుడ్లు తక్కువేశాడు,” అంది నేనిచ్చిన టార్టు మూత తియ్యకుండానే, వాసన చూసి. “సరే, కూర్చో. నువ్వు రాణిబాటలో ఉండే స్కూలు మాస్టారి కూతురివి కదూ? చదువుకున్నావట కదా. దేనికి?”

“నీళ్లు పరీక్షించడానికి మామ్మా.”

“నీళ్లకు పరీక్షెందుకు? తాగితే తెలియదూ?”

ఆమె ధోరణే అంత. ఆమెను నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. ఎవరినీ మెచ్చుకోగా వినలేదు. ఆమె బతుకు తెలిస్తే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది.

వాళ్ల నాన్న పేరు సెర్వే, తుపాకీ గొట్టాలు అతికేవాడు. ఇనుప బద్దలూ ఉక్కు బద్దలూ కలిపి మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి సుత్తితో అతకడం. అప్పట్లో మా లోయ అంతా అదే పని, ఇంటి వెనక ఇంటింటికీ ఒక కొలిమి. సెర్వేకు కనుబొమ్మలు ఉండేవి కావు. పని పూర్తయిన గొట్టాలను ఊరి ఆడవాళ్లు వీపు బుట్టల్లో వేసుకుని లియేజ్ పరీక్షశాలకు మోసేవాళ్లు. పదిహేడు కిలోమీటర్ల నడక. రైలు ఉండేది. టికెట్టుకు ఇచ్చేంత లేదు. నోయెలి తొమ్మిదో ఏట వాళ్లమ్మ వెనక ఒక చిన్న బుట్టతో బయల్దేరింది.

పరీక్షశాలలో గొట్టంలో రెట్టింపు మందు దట్టించి పేలుస్తారు. నిలిస్తే ముద్ర. చీలితే ఆ ముక్కలు మళ్లీ బుట్టలోకే. నష్టం అతికినవాడిది. ఒకే బుట్టలో పదిమంది గొట్టాలు ఉంటాయి గనక, చీలింది ఎవరిదో తెలియాలంటే గొట్టం కింద చెక్కిన పొడి అక్షరాలు చూడాలి. నోయెలికి చదువు అక్కడే మొదలైంది. అక్షరాలు అక్షరాలని తెలియక ముందే, ఎస్, పి అని ఉంటే అది నాన్న బొమ్మ అనుకునేది. తిరుగుదారిలో ఆడవాళ్లకు అన్నీ తెలిసిపోయేవట, ఈ వారం ఎవరింట్లో మాంసం ఉడకదో, ఎవడు ఇంటికి రాగానే గొడవ పెట్టుకుంటాడో. మగాళ్లకు సాయంత్రం దాకా తెలిసేది కాదు.

“పైన పేరు ఉన్నవాడు ఏనాడైనా ఈ కొండెక్కాడా?” అనేది. “వాడు పట్నంలో కూర్చుని బంగారు నీళ్లతో రాయించుకున్నాడు. మావాళ్లు రాసుకున్నది కింద. చెక్క కప్పేసేచోట.”

ఇరవై ఏళ్ల వయసులో ఆమెను ఫ్లోరాఁ అనే చెక్కుడు పనివాడు పెళ్లి చేసుకుంటానన్నాడు. అందగాడట, చెయ్యి మంచిదట. కొనేవాడు ఏ పేరు కావాలంటే ఆ పేరు చెక్కేవాడు. లండన్ అంటే లండన్, పారిస్ అంటే పారిస్. ఈమె ఒప్పుకోలేదు. “లండన్ మొహం చూడని మనిషి రోజుకి ముప్పైసార్లు లండన్ అని రాస్తాడు. అలాంటివాడు నన్ను ప్రేమిస్తున్నానంటే నేనెట్లా నమ్మేది?” తర్వాత ఆ గొట్టాలకు గిరాకీ పోయింది, కొలిములు ఆరిపోయాయి, ఆమె ఉన్ని మిల్లులో చేరింది. మిల్లులో గడిచిన ముప్పై నాలుగేళ్లను ఒకే మాటలో చెప్పేది: “దారం పట్టుకున్నాను, వదిలేశాను.”

ముసలితనంలో ఆమెను వెతుక్కుంటూ పాత తుపాకులు కొనే షోకిలా రాయుళ్లు రావడం మొదలైంది. వాళ్లంటే ఆమెకు పరమ అసహ్యం. బ్రస్సెల్స్ నుంచి వచ్చిన ఒక డాక్టరు పట్టుగుడ్డలో చుట్టిన తుపాకీ విప్పి, పైన పేరును ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు. ఈమె చెక్క ఊడదీసి గోరుతో తడిమి, “డాక్టరుగారూ, దీని మీద నాలుగు పేర్లున్నాయి. ఒకడు ఒళ్లు కాల్చుకుని అతికాడు, ఒకడు చిత్రిక పట్టాడు, ఒకడు బిగించాడు, ఒకడు అమ్ముకున్నాడు. తమరు ముద్దులాడేది అమ్ముకున్నవాణ్ణి,” అంది. ఆయన లేచి వెళ్లిపోతూ టార్టు కూడా తీసుకుపోయాడట. అది మాత్రం ఆమె ఎన్నడూ క్షమించలేదు.

సరే, నేను మావయ్య కిరీటం కథా, బాప్తిస్మం నాడు పేల్చబోయే సంగతీ చెప్పి, దుప్పటి విప్పి గొట్టాలు ఆమె ఒళ్లో పెట్టాను. పాప నా భుజం మీద నిద్రపోతోంది. ఆమె వెంటనే వాటిని తిరగేసింది. పైన బంగారు అక్షరాల వైపు వేలు కూడా పోలేదు.

“గుడ్డు ఉంది,” అంది. గుడ్డులాంటి గీతలో మూడు అక్షరాలు, అది లియేజ్ పరీక్ష ముద్ర. “గుడ్డు నెత్తిన కిరీటం లేదు. పాతది. ఇదిగో స్తంభం బొమ్మ. ఇదిగో నీ మావ కిరీటం, కింద ఒక అక్షరం. నా కాలానికి ఈ కిరీటం తీసేసి చుక్క పెట్టారు. కాబట్టి మా అమ్మ పుట్టకముందో, పుట్టినప్పుడో.” గోరు ఇంకాస్త కిందికి జరిగింది. ఆగింది. పెదవి వంకర తిరిగింది. “టి, హెచ్. తూసేన్. వీడా!”

“ఎవరు మామ్మా?”

“మా నాన్నకు పెదనాన్న వరస. అతుకు సరిగా కుదరకపోతే ఆ సందులో సన్నటి ఇనుప చీల దిగ్గొట్టి పైన అరగదీసేవాడు. ఊరంతటికీ తెలుసు. రెట్టింపు మందుకు నిలబడేవి, అది వేరే సంగతి. నిలబడ్డాయి కాబట్టే ముద్ర పడింది.”

“పొగరాని మందుకు?”

“దానికి వేరే ముద్ర. సింహం. వెతుక్కో, నీకు కళ్లున్నాయిగా.”

నేను వెతికాను. సింహం లేదు. మళ్లీ మొదటి నుంచి వెతికాను. ఆమె మాత్రం తాపీగా లేచి, బల్ల సొరుగులోంచి ఒక చెక్కపెట్టె తీసింది. అందులో వాళ్ల నాన్న వాడిన ఇనుప బిళ్లలు, ఒక్కోటీ ఒక్కో కొలత, ఒక్కోదానికీ పొడుగాటి కాడ.

“ముద్ర పక్కన అంకె ఎంతుంది?”

“పదిహేడు.”

పదిహేడు మిల్లీమీటర్ల బిళ్ల గొట్టంలోకి బావిలో రాయి పడ్డట్టు పడింది. పదిహేడు పాయింట్ రెండు కూడా దిగింది. కుడి గొట్టంలో అక్కడితో ఆగింది. ఎడమ గొట్టంలో పదిహేడున్నర కూడా, జానెడు లోతుకు హాయిగా వెళ్లిపోయింది.

“ఎవరో లోపల గీకారు,” అంది. “నీ మావ మెరుపు కోసం ఎవడికైనా ఇచ్చాడా?”

ఇచ్చారు. నాకు గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట తుప్పు వదిలించడానికి ఒక వ్యాపారికి ఇచ్చి, అద్దంలా చేయించానని మావయ్య మురిసిపోయారు. ఆ అద్దం కోసం ఎడమ గొట్టం గోడ చుట్టూ పావు మిల్లీమీటరు పోయింది. ఎడమ గొట్టం అంటే నేనూ పాపా నిలబడే వైపు.

“ఈ మాటే ఆయనకు చెప్తాను మామ్మా.”

“చెప్పు. నీ మాట వింటాడా?”

“వినరు.”

“మరి? బాప్తిస్మం ఆదివారం నాకు కారు పంపించు. టార్టు కూడా. ఈసారి గుడ్లున్నది.”

గొట్టాలు ఎలా తీసుకెళ్లానో అలాగే తెచ్చి, తుపాకీకి బిగించి గోడకు తగిలించాను. మావయ్య గమనించలేదు. ఆయన ఎప్పుడూ పై అక్షరాలే చూస్తారు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వాకిట్లో ముప్పైమంది ఉన్నారు. చక్కెర బాదంపప్పుల పొట్లాలు చేతులు మారుతున్నాయి. మావయ్య కోటుకు పువ్వు గుచ్చుకుని, తుపాకీ భుజాన వేసుకుని గుమ్మం మీద నిలబడ్డారు. నన్ను చూసి, ఇక్కడ నిలబడమన్నట్టు ఎడమవైపు చూపించారు. నేను కదల్లేదు. చర్చి అవగానే నేను నెసోన్వో పంపించిన రెనో అప్పుడే వచ్చి, కారులోంచి మామ్మను దించాడు. నల్ల గౌను, మగవాళ్ల బూట్లు.

“ఎవరీవిడ?” అన్నారు మావయ్య.

“కిందవి చదివేదాన్ని,” అంది మామ్మ. “అది దింపండి బాబూ. ఎడమ గొట్టం అరిగిపోయింది. ముద్రలో పదిహేడు, లోపల పదిహేడున్నర. మీరు కొన్న తూటాలకు అది ఒప్పదు.”

“ఇది లండన్ తుపాకీ.”

“ఇది నెసోన్వో గొట్టం. చీల దిగ్గొట్టే తూసేన్ అతికాడు.”

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మావయ్య మెడ ఎర్రబడింది. “దీని మీద రాజుగారి కిరీటం ఉంది!”

“కిరీటం కింద అక్షరం ఉంది కదా, అది ఎవరిదనుకున్నారు? గొట్టంలోకి తొంగిచూసి సరే అనే గుమాస్తాది. అలాంటివాళ్లు అప్పట్లో చాలామంది. తలా ఒక అక్షరం, తలా ఒక కిరీటం. చేతిలో అన్నం డబ్బాతో పనికొచ్చేవాళ్లు. రాజుగారికి మీరున్నారనే తెలీదు బాబూ.”

పాలవాడు కూడా వచ్చాడు ఆ రోజు. పెద్దగా నవ్వింది వాడే.

ఇక మావయ్య వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది. “నేను పేల్చి చూపిస్తాను. భయమున్నవాళ్లు లోపలికి పొండి,” అన్నారు.

“పేల్చండి, ఎవరొద్దన్నారు?” అంది మామ్మ. “చేత్తో పట్టుకోకండి. పరీక్షశాలలో కూడా ఎవడూ చేత్తో పట్టుకోడు. అంత లండన్ తుపాకీ అయితే తాడు కట్టి లాగితే మాత్రం పేలనంటుందా?”

అప్పుడు రెనో మొదటిసారి నోరు విప్పాడు. “నాన్నా, తాడు తెస్తాను.” కారులో వస్తుండగా మామ్మ అతనితో ఏమందో నాకు తెలియదు. అతని చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

పెరట్లో బంగాళాదుంపల బస్తాల మధ్య తుపాకీని ఇరికించి కట్టారు. నేను పాపను తీసుకుని వంటింటి వెనక సామాన్ల గదిలోకి వెళ్లి, రెండు గోడలు అడ్డం ఉన్నాయని లెక్కపెట్టుకుని కూర్చున్నాను. మొదటి దెబ్బ. పాప ఉలిక్కిపడింది. రెండో దెబ్బ. ఆ వెంటనే చప్పట్లు, మావయ్య గొంతు: “చూశారా! చూశారా!”

ఏమీ కాలేదు. గొట్టం నిలబడింది. నేను బయటికి వచ్చేసరికి మావయ్య కట్లు విప్పించి, తుపాకీ తెరిచి, ఖాళీ తూటాలు తీసేసి, కొత్తవి చేతిలోకి తీసుకుంటున్నారు. జనం మామ్మను చూసి నవ్వుతున్నారు. “ఏం మామ్మా, గోరు అరిగిపోయిందా?” అన్నాడు ఒకడు. ఇప్పుడాయన చేత్తో పేలుస్తారు. నన్ను పక్కన నిలబడమంటారు. కొలతలు చెప్పినా నా మాట ఎవరూ వినరు.

మామ్మ నవ్వులను పట్టించుకోలేదు. నేరుగా మావయ్య దగ్గరికి వెళ్లి, ఆయన ఎడమ చేతి మణికట్టు పట్టుకుంది. చిన్నపిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని, ఆయన చూపుడు వేలిని ఎడమ గొట్టం పక్కన ఆనించి, చివరి నుంచి వెనక్కి మెల్లగా జరిపింది.

“చెప్పండి,” అంది.

వేలు నున్నగా జారుతూ వచ్చింది. చెక్క మొదలయ్యే చోట ఆగింది. మావయ్య దాన్ని వెనక్కి తీసి మళ్లీ జరిపారు. మళ్లీ అక్కడే ఆగింది. దూరం నుంచి చూస్తే ఏమీ లేదు. తడిమితే ఉంగరంలాంటి ఉబ్బు. రెండో తూటాకు లేచిన ఉబ్బు అది.

“మీ ఎడమ చెయ్యి ఎక్కడ పట్టుకుంటుంది బాబూ?”

ఆయన చేతిలో ఉన్న కొత్త తూటాలు రెండూ కోటు జేబులో వేసుకున్నారు. బీమా ఆఫీసులో ఆయన ఇలాంటి చేతులకు వేలికింత అని లెక్కగట్టిన మనిషి. ఆ లెక్క ఆయనకు తప్పకుండా గుర్తొచ్చి ఉంటుంది. జనం ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలా ఒక వేలు పెట్టి చూశారు. పాలవాడు రెండు పెట్టాడు.

ఇంటి గొంతు ఆ రోజు రెనోనే అయ్యాడు. గుమ్మంలో పాప ముందు నిలబడి రెండుసార్లు హోయ్ అని అరిచాడు. పాప ఆవులించింది.

ఆన్సెల్మ్ మావయ్య మారారని రాస్తే అబద్ధమవుతుంది. తుపాకీ మళ్లీ పొయ్యి పైకి వెళ్లింది. ఇప్పుడా కిరీటం, రాజుగారు స్వయంగా నియమించిన తనిఖీదారు ముద్ర అయింది. ఉబ్బు సంగతి ఎవరైనా అడిగితే, వందేళ్ల తుపాకీకి ఆ మాత్రం గాయం గౌరవమే అంటారు. కొత్త పాలవాడికి కూడా చూపించారు. తూటాల డబ్బా మాత్రం ఇంట్లో లేదు. నేను అన్ని సొరుగులూ వెతికి చూసుకున్నాను.

ఆ సాయంత్రం మామ్మను ఇంటి దగ్గర దించాను. ఆమె కోటు విప్పకుండానే టార్టు కోసుకుని తింది. గుడ్లు బాగున్నాయని అనలేదు, ఇంకో ముక్క మాత్రం కోసుకుంది. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో అని నా భయాలన్నీ ఆమె ముందు పరిచాను. పాప ఊపిరి, పాలు, పిల్లి, గ్యాసు, దగ్గు, పాప పెద్దయ్యాక ఎక్కబోయే సైకిలు. ఆమె ముక్క పూర్తయ్యేదాకా విని, చేతులు గౌనుకు తుడుచుకుంది. ఆమె చెప్పినట్టే ఇప్పుడు చేస్తున్నాను. పాప వెచ్చగా ఉందనిపిస్తే థర్మామీటరు పెడతాను, గ్యాసు వాసన అనిపిస్తే గొట్టం అతుకు దగ్గర సబ్బునీళ్లు రాస్తాను. పెట్టడానికీ రాయడానికీ ఏమీ దొరకనప్పుడు దీపం ఆర్పేస్తున్నాను. ఆమె అన్నది ఇది:

“భయమేస్తే దాని మీద వేలు పెట్టు అమ్మాయ్. వేలికి ఏదైనా తగిలిందా, మొండిగా పట్టుకో, ఎవడు నవ్వినా వదలకు. తగల్లేదా, నోరు మూసుకుని పడుకో.”